కంప్యూటరు ఊపిరి

కళింగపట్నం,
సంత ముందురోజు

చిరంజీవి నాగబాబుకి,

మీ మేనత్త తవిటమ్మ దీవెనలు. దీవెనలైపోనాయి. ఇంక తిట్లు మొదలెడతన్నాను, కూకుని సదువు.

ఉత్తరమేటి, ఫోన్ సెయ్యొచ్చు కదా అంతావు. నాను ఫోన్లో మాటాడితే పక్కింటి దాలమ్మే కాదు, రేవులో వలలు బాగుసేసుకున్నోళ్లు కూడా ఇంతారు. నా గొంతు అలాటిది. ఇది ఇంటి గుట్టు. అందుకే నాను సెప్తన్నాను, మా భారతి రాస్తన్నాది. మీ కొత్తవలస సంతకి ఎండుసేపలు తెచ్చే శివాజీ వేనులో గంప అడుగున ఎడతన్నాను. జవాబు అదే గంపలో అంపు.

ఒరే, కొత్తవలస స్టేషను కాడ కంప్యూటర్ల కొట్టెట్టినావు కదా, మేనత్త కూతురికి మంచిది కట్టి ఇస్తావని నీకాడే తీసుకున్నాం. అది ఎంత మందమో తెల్సా? మీ మావ ఎల్లాజీ ఏటకెళ్లి, వలేసి, తీసి, ఒడ్డుకొచ్చి సద్ది తినీసరికి అందులో బొమ్మ పడవ ఒక్క తెడ్డు ఏసుంటాది.

విశాఖలో బొమ్మల సినిమాలు తీసే కంపెనీ ఉన్నాదంట. దసరా లోపు సిన్న బొమ్మల సినిమా తీసి అంపితే, నచ్చితే ఉద్యోగమిస్తారంట. మన వంశధార సముద్రంలో కలిసే మొగ కాడ్నించి పడవ ఎల్తన్నట్టు తీస్తన్నాది మా గుంట, భారతి. బొమ్మలు కడుపు నింపుతాయేటి? రేవులో అందరి ముందూ సెప్పీసినాను. "బొమ్మల కోసం నా ఇంట కరెంటు కాలదు. పొద్దున్న ఓ గంట, అంతే. దసరాకి పనవ్వకపోతే ఆ డబ్బాని సేపల వేనెక్కించి నాగబాబు కొట్లో దింపించీస్తాను, గుంట నాతోటి ఎండుసేపల కాడ కూకుంతాది" అన్నాను. నా మాటంటే సేపల పాటలో ధర పలికినట్టే. పలికినాక ఎనక్కి రాదు.

బేగి ఏదో ఒకటి సెయ్యి. లేపోతే తిరిగొచ్చిన డబ్బా నీ నెత్తినే.

ఇట్లు
నీ మేనత్త తవిటమ్మ (వేలిముద్ర)

తా.క. బావా, నేను భారతిని. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను, రెండు తిట్లు మాత్రం అక్షరాల్లో పట్టక వదిలేశాను. నా సినిమా పని నా వైపు నుంచి అయిపోయింది. ఇక కంప్యూటరు ఒక్కో బొమ్మనీ పూర్తిగా గీసి బయటికివ్వాలి. రోజుకి గంట చొప్పున అది గీస్తూ పోతే ఈ దసరా కాదు, నా మనవల దసరా వస్తుంది. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తే వేగం పెరుగుతుందటగా? ఎలా మొదలుపెట్టాలో రాయి.

*

కొత్తవలస,
కొట్టు మూసే వేళ

తవిటమ్మత్త పాదాలకు,

నాగబాబు దండాలు. నీ దీవెనలు అందాయి. తిట్లు కూడా అందాయి. మా ఆవిడ సుహాసిని వాటిని గట్టిగా చదివి వినిపించింది, నేను అడక్కుండానే రెండోసారి కూడా.

అత్తా, కంప్యూటరు మందం కాదు, పని బరువైంది. అయినా భారతి అడిగిన దారి ఉంది. ప్రాసెసర్ కంప్యూటరుకి గుండెకాయ అనుకో. ఇంత వేగంతోనే కొట్టుకో అని దాన్ని తయారుచేసినవాడు ఒక హద్దు పెట్టి పంపుతాడు. కొన్ని రకాలకి ఆ హద్దుని మనం కాస్త ముందుకి జరుపుకోవచ్చు. నీకిచ్చింది ఆ రకమే. మేనత్త అని ఏరి ఇచ్చాను, నువ్వు ఎలాగూ నమ్మవు.

భారతీ, ఇది నీకు. ఆన్ చెయ్యగానే డిలీట్ మీట నొక్కుతూ ఉండు, బయాస్ అనే తెర వస్తుంది. అందులో మల్టిప్లయర్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని ఒక్కటంటే ఒక్కటి పెంచు. వోల్టేజీ జోలికి పోకు. తర్వాత గంపలో పెట్టిన పెన్‌డ్రైవ్‌లోంచి టెస్టు పెట్టు. ఆ టెస్టు ప్రాసెసర్ చేత వట్టి రోట్లో దంచించినట్టు గంటల తరబడి లెక్కలు చేయిస్తుంది. వాటి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, అది తట్టుకుంటుందా లేదా అని చూడడానికే. అది నడిచినంతసేపూ వేడి ఎంతో చూస్తూ ఉండాలి. ఎనభై అయిదు దాటిందా, ఆపెయ్. దాటకుండా నిలబడితే ఇంకో అంకె పెంచు. ఎక్కడ పడిపోతే అక్కడ ఒక అంకె వెనక్కి రా. అదే దాని సత్తా.

అత్తా, ఒక్క మాట. ఇలా చేస్తే గ్యారంటీ పోతుంది. బంధుత్వం ఉంటుందని ఆశిస్తాను.

మీ మేనల్లుడు
నాగబాబు

తా.క. నీ ఉత్తరాన్ని సుహాసిని బట్టల తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. వాసన పోలేదు. పైగా ఇప్పుడు నా చొక్కాలకి కూడా పట్టింది. కొట్టుకి వచ్చినవాళ్లు కంప్యూటర్లు వదిలేసి సొరచేప ఉందా అని అడుగుతున్నారు.

*

కళింగపట్నం,
ముసురు

నాగబాబుకి,

తవిటమ్మత్త ఆశీర్వాదాలు. ఈపాలి తిట్లు లేవు, బయపడకు.

నువ్వు రాసినట్టే సేసినాం. పడవకి కొత్త మోటారు బిగించినప్పుడు ఎలగ సేస్తామో అలగే. డబ్బాకి పసుపు రాసి బొట్టెట్టినాను. కొబ్బరికాయ దాని నెత్తి మీద కొట్టబోతే గుంట అడ్డం పడిపోనాది, గడప మీద కొట్టినాను. సముద్రం బాగోలేక మీ మావ ఇంటికాడే ఉన్నాడు. నీ ఉత్తరం ఆయనకి ఇనిపిస్తే, "ఇందులో కొత్తేటున్నాది? ఏ మోటారైనా అంతే. ఓ పిసరు పెంచు, సెవి ఒగ్గి ఇను, మళ్లీ ఓ పిసరు పెంచు. ఒక్కసారే లాగితే పిస్టను పట్టీసి నడిసముద్రంలో సుక్కలు సూసుకుంటా కూకోవాల" అన్నాడు. కూకున్నాడులే ఒకపాలి.

ఒక అంకె పెంచితే నిలబడినాది. ఇంకోటి పెంచితే నిలబడినాది. మూడోదీ ఓర్సుకున్నాది. ఇప్పుడు టెస్టు నడుస్తన్నాది. నాను వొద్దన్నది బొమ్మలకి. టెస్టు బొమ్మలు కాదు కదా. అందుకే పగలల్లా నడుపుకోమన్నాను. మాటంటే మాటే.

ఒరే, ఇది సెప్పు. ఆ డబ్బా ఎనక ఫ్యాను కాడ సెయ్యెట్టి సూసినాను. ఓలమ్మా, ఏటి ఊపిరి! రోయిణికార్తి గాలిలాగున్నాది. ఇక్కడ ముసురు పట్టి ఎండ మొకం సూసి ఎన్నాళ్లయినాదో. ఈ ఊపిరి ఇంకా పెంచాలంటే ఏటి సెయ్యాల? బేగి రాయి.

తవిటమ్మ (వేలిముద్ర, పసుపు అంటుకున్నాది)

తా.క. బావా, వేడి ఎనభై రెండు దగ్గర ఆగుతోంది. అమ్మ కంప్యూటరు వెనక పీట వేసుక్కూర్చుంటోంది. ముందుకొచ్చి తెర చూడమంటే, "సప్పుడు ఇనపడేకాడ కూకోవాల గానీ మొకం ఉన్నకాడ కాదు" అంటోంది. వీధిలోని పిల్లులన్నీ వచ్చి ఆవిడ పక్కన బారుగా కూర్చుంటున్నాయి. వాటికి ఓవర్‌క్లాకింగ్ మీద ఇంత ఆసక్తి ఎందుకో తెలియడం లేదు.

*

కొత్తవలస,
సంత రోజు సాయంత్రం

తవిటమ్మత్తకు,

దండాలు. మొదటి ప్రయత్నంలోనే మూడంకెలు! అత్తా, నీకు తెలియడం లేదు గానీ ఇది చిన్న సంగతి కాదు. నా సొంత కంప్యూటరు రెండో అంకెకే కాళ్లు చాపేసింది. ఇది నీ పసుపు మహిమో, నా ఎంపిక మహిమో తేల్చుకోలేకుండా ఉన్నాను. సుహాసిని మాత్రం పసుపే అంటోంది.

ఊపిరి ఇంకా పెరగాలన్నావు. నీ బాధ అర్థమైంది. ప్రాసెసర్‌కి గాలి చాలడం లేదు. అందుకే నా సొంత కంప్యూటరుకున్న పెద్ద ఫ్యాను ఊడదీసి గంపలో పంపిస్తున్నాను. భారతీ, పాతది తీశాక ప్రాసెసర్ నెత్తిన ఉన్న ఎండిపోయిన పేస్టు తుడిచెయ్. ట్యూబులోని కొత్త పేస్టు మినపగింజంత పెట్టి ఫ్యాను బిగించు. మినపగింజంతే, మినపట్టంత కాదు. బిగించాక చూడు, వేడి ఎలా దిగిపోతుందో! చల్లగా, హాయిగా, ఏ గొడవా లేకుండా నడుస్తుంది.

ఇంకో సంగతి. టెస్టు ఒక రోజు నడిస్తే చాలు. రోజూ నడపక్కర్లేదు. అమ్మని బతిమాలి సినిమా మొదలుపెట్టు. దసరా దగ్గరికొస్తోంది.

నాగబాబు

తా.క. పిల్లులకి వెచ్చగా ఉండే చోటు ఇష్టం. అంతకు మించి ఏమీ లేదు. చదువుకున్న పిల్లవి, ప్రతిదానికీ ఆశ్చర్యపోకు.

*

కళింగపట్నం,
ముసురు వదల్లేదు

నాగబాబుకి,

పోయిన ఉత్తరంలో దీవెనలు మిగిలుంటే అవే వాడుకో, కొత్తవి లేవు.

ఒరే, నాను నీకేటి అన్నాయం సేసినాను? నీ పురుటికి వచ్చి మీ అమ్మకి పథ్యం వొండి పెట్టిందాన్ని నాను. నాకా ఇలాటి ఫ్యాను అంపినావు? లచ్చనంగా ఎనబై రెండున్న వేడి అరవైకి పడిపోనాది. ఎనక సెయ్యెడితే ఊపిరుందా లేదా అన్నట్టున్నాది. జరం తగ్గీసిన ముసలోడి ఊపిరి కూడా ఇంతకన్నా నయం. ఉన్నదాన్ని సెడగొట్టీసినావు.

నాను ఊరుకుంతానా? ఇంకో అంకె పెంచమన్నాను. "వొద్దమ్మా" అన్నాది గుంట. పెంచమన్నాను. ఇంకోటి పెంచమన్నాను. అప్పుడు కొంచెం ఏడెక్కినాది. ఇంకోటి పెంచినాం. తెర నీలంగా మారిపోయి, గుడ్లు తేలేసి, సల్లారిపోనాది. దాలమ్మకి ఇనపడకుండా ఏడిసినాను. గుంట లోపల్నించి బిళ్లలాటి బేటరీ తీసి, కాసేపాగి ఎట్టినాది. లేసింది. లేసినాక ఒక అంకె తగ్గించుకుని మళ్లీ నడుస్తన్నాది.

నీ ఫ్యాను తీసేసి పాతదెట్టుకుంతాం. ఇది నువ్వే ఎట్టుకుని సల్లగా ఉండు.

తవిటమ్మ (వేలిముద్ర, కోపంతో గట్టిగా ఏసినాను)

తా.క. బావా, ఫ్యాను అద్భుతంగా ఉంది. అమ్మకి చెప్పకు, అది తీసెయ్యను. అది వచ్చిన రోజు పిల్లులు కూడా చెయ్యి పెట్టి చూసినట్టు ముందుకాలు చాపి చూసి, నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాయి. ఇంకో అంకె ఎక్కాక తిరిగొచ్చాయి.

*

కొత్తవలస,
నిద్ర పట్టని మధ్యాహ్నం

అత్తకు,

దండాలు. నా తల పని చెయ్యడం లేదు. ఇన్నేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. వేడెక్కిపోతోందని ఏడ్చినవాళ్లనే చూశాను గానీ చల్లబడిందని ఏడ్చిన మనిషిని నిన్నే చూస్తున్నాను. చాలా ఆలోచించాక నీ పొరపాటు ఎక్కడుందో పట్టుకున్నాను. అత్తా, ఆ అంకెలు భారతి పరీక్షల మార్కులు కావు. ఎనభై రెండు వస్తే ఫస్టు క్లాసు, అరవై వస్తే చెడిపోయినట్టు కాదు. తక్కువ వస్తేనే మంచిది. జ్వరం మార్కులనుకో.

ఇది ఇలా ఉండగా శివాజీ ఒక మాట చెప్పాడు. దాంతో నాకు చెమటలు పట్టేశాయి. మీ ఇంట్లో కంప్యూటరు పక్కకి వెళ్తే నీసు వాసన గుప్పుమంటోందట! ఇది నవ్వులాట కాదు. వైర్లూ ప్లాస్టిక్కూ మాడిపోయే ముందు సరిగ్గా నీసు వాసనే వస్తుంది. కరెంటు పని తెలిసిన ఎవర్నైనా అడుగు. లోపల ఏదో కాలుతోందత్తా. వెంటనే మెయిన్ ఆపెయ్యండి. నేను గురువారం పొద్దున్న రైలుకి మంటలార్పే సిలిండరు పట్టుకుని బయల్దేరుతున్నాను. సుహాసిని కూడా వస్తానంటోంది, నన్ను కాపాడ్డానికి కాదు, సముద్రం చూడ్డానికి.

కంగారుగా
నాగబాబు

తా.క. భారతీ, సినిమా ఏమైంది? నేను అడుగుతూనే ఉన్నాను, నువ్వు పిల్లుల కబుర్లు రాస్తూనే ఉన్నావు.

*

కళింగపట్నం,
బుధవారం, శివాజీని స్పెషల్‌గా పరిగెత్తించి

నాగబాబుకి,

దీవెనలు. నువ్వు రాకు. సిలిండరు అసలే తేకు. అది పట్టుకుని ఈదిలోకొస్తే దాలమ్మ ఊరంతా సాటింపేసీస్తాది.

నీసు వాసనంట! కళింగపట్నంలో నీసు వాసన రాపోతే బయపడాల గానీ వస్తే బయమేటి?

ఇంక దాసి లాబం లేదు. సెప్పీస్తన్నాను. ఈ ముసుర్లో ఇసక మీద సేపలెండవు. నెత్తళ్లన్నీ పాడైపోతన్నాయి. నీ డబ్బా ఎనక పీటేసి, పీట మీద తట్టెట్టి, తట్టలో నెత్తళ్లు పోసినాను. దాని ఊపిరికి ఆరబెడతన్నాను. టెస్టు ఎంత నడిస్తే అంత ఆరతాయి. అందుకే వేడి కావాలన్నాను. వేగం నాకెందుకు?

దాలమ్మకి తెలిస్తే ఆవిడ కూడా కంప్యూటరెట్టీస్తాదని గుట్టుగా ఉంచినాను. నిన్న పసిగట్టీసింది. తట్టలో నెత్తళ్లు సేత్తో పట్టుకుని ఇరిసి సూసింది. గలగలలాడినాయి. నోరు తెరిసీసింది. నువ్వూ సూడు, ఓ పొట్లం ఎడతన్నాను. ఉప్పునీరు డబ్బా మీద పడతాదని ఏడవకు. ఒడకట్టినాకే పోసినాను, అంత తెలీనిదాన్నా?

తవిటమ్మ (వేలిముద్ర, నెత్తళ్ల వాసన రావొచ్చు)

తా.క. బావా, అంతే సంగతి. ఇన్నాళ్లూ రాయలేకపోయాను, రాసే చెయ్యి నాదైనా నోరు అమ్మది. పిల్లుల గురించి నేను ఎందుకు రాస్తూ వచ్చానో ఇప్పుడు తెలిసిందా? చదువుకున్నవాడివి, కాస్త ఆశ్చర్యపోవాల్సింది.

*

కొత్తవలస,
భోజనం చేసి

మహానుభావురాలైన తవిటమ్మత్తకు,

సాష్టాంగ దండం. నా జీవితంలో మూడు రకాల కూలర్లు చూశాను. ప్రాసెసర్‌ని పొయ్యిగా వాడినవాళ్లని చూడలేదు. నేను ఏరి ఏరి ఇచ్చిన ప్రాసెసర్! నా కంప్యూటరు ఊడదీసి పంపిన ఫ్యాను! అవి నెత్తళ్లకి విసనకర్రలా? కోపంతో ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు చింపేశాను. అయిదోసారికి సుహాసిని ఆ నెత్తళ్లు వేయించి, ఉల్లిపాయలు వేసి ముందు పెట్టింది. అందుకే కోపం ఇంత తక్కువగా కనిపిస్తోంది. బాగా ఆరాయి. అది మాత్రం ఒప్పుకోవాలి.

అత్తా, నీకు దండం పెడతాను, ఒక్క మాట విను. ప్రాసెసర్‌కి టెస్టయినా సినిమా అయినా ఒకటే. బొమ్మలు గీసినా అది అంతే వేడెక్కుతుంది, అంతే ఊపిరి వదులుతుంది. నెత్తళ్లకి తేడా తెలియదు. దసరాకి ఇంక ఎన్నో రోజులు లేవు. ఎవరికీ పనికిరాని టెస్టు ఆపి ఆ పిల్ల సినిమా పెట్టుకోనీ. చేపలూ ఆరతాయి, దాని బతుకూ ఒడ్డున పడుతుంది. నువ్వు రేవులో మాట పలికేశావని నాకు తెలుసు. కానీ అది మంచి పిల్ల అత్తా. కష్టపడుతుంది. నెత్తళ్ల కోసం అనుకునైనా ఒప్పుకో.

నీ మేనల్లుడు
నాగబాబు

తా.క. సుహాసిని ఇంకో పొట్లం అడుగుతోంది. ఏ స్పీడులో ఆరబెట్టినవైనా ఫర్వాలేదట.

*

కళింగపట్నం,
దసరా వెళ్లిన మర్నాడు

బావకి,

భారతి నమస్కారాలు. ఈ ఉత్తరం అమ్మ చెప్పగా రాసింది కాదు, నేనే రాస్తున్నాను. చదివాక చింపెయ్.

ముందు మంచి మాట. నాకు ఉద్యోగం వచ్చింది! సినిమా గడువుకి ముందే పంపాను. నిన్న పిలుపొచ్చింది. వచ్చే వారం విశాఖ వెళ్తున్నాను. రేవంతా మిఠాయి పంచింది అమ్మే.

ఇప్పుడు రెండో మాట. నువ్వు టెస్టు ఆపి సినిమా పెట్టమని రాశావు చూడు, అప్పటికే సినిమా దాదాపు అయిపోయింది. నీ టెస్టు నేను మొదటి రోజు పొద్దున్న మాత్రమే నడిపాను, మధ్యాహ్నానికి సినిమా పెట్టేశాను. అప్పట్నుంచి ప్రతి ఉత్తరంలో టెస్టు అని రాసినప్పుడల్లా వెనక నడుస్తున్నది సినిమాయే. అమ్మ అది టెస్టనే అనుకుంది. ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి ఆవిడ మురిసిపోతుంటే, "దీని దగ్గర నెత్తళ్లు ఆరతాయేమో అమ్మా" అని అన్నది కూడా నేనే. అంతే, ఆ మాట పట్టేసుకుంది. ఇక నేను ఆపమన్నా ఆపనివ్వలేదు. రోజూ పొద్దున్న గంటలోనే, ఓవర్‌క్లాక్ వల్ల, సినిమా అయిపోయిందని అమ్మకి చెప్పాను. నమ్మేసింది.

గెలిచాను గానీ సిగ్గుగా ఉంది బావా. తట్ట ముందు కూర్చుని "ఎంత బాగా ఆరినాయో" అని అందరికీ చూపిస్తుంటే నాకు ఏడుపొచ్చేది. అంత గట్టి మనిషిని ఇంత తేలిగ్గా మోసం చేశాను. చెప్పే ధైర్యం లేదు. నువ్వు కూడా చెప్పకు.

భారతి

తా.క. నువ్విచ్చిన కంప్యూటరు చివరి రోజు వరకూ ఒక్కసారి కూడా పడిపోలేదు, అమ్మ పడగొట్టినప్పుడు తప్ప. కొత్త ఆఫీసులో నా సినిమా చూసినాయన నిన్న ఫోన్లో, "సముద్రం వాసన కూడా వచ్చేట్టు తీశావమ్మా" అన్నాడు. పంపిన పెన్‌డ్రైవ్ వల్ల అయ్యుంటుంది.

*

కళింగపట్నం,
మళ్లీ వాన

నాగబాబుకి,

తవిటమ్మత్త మనసారా దీవెనలు. ఈపాలి రాస్తన్నది భారతి కాదు, అది విశాఖెల్లిపోనాది. పక్కింటి దాలమ్మ కోడలు రేఖ రాస్తన్నాది. రాసింది కడుపులో ఎట్టుకుంతానని ఒట్టేసినాది.

డబ్బా ఎనక్కొస్తాదని ఎదురుసూడకు. గుంటతోపాటు శివాజీ వేనులో ముందు సీట్లో కూకుని ఎల్లిపోనాది. ఎనక గంపలతోటి ఎట్టనియ్యలేదు నాను.

నీకో మాట సెప్పాల. టెస్టు టెస్టు అని నీకు రాయించినాను కదా, అది టెస్టు కాదు. బొమ్మల సినిమాయే. గుంట నాకు తెలీదనుకుంతన్నాది. నీతో కూడా అలగే సెప్పుంటాది. ఒరే, నాకు సదువు లేదు గానీ కళ్లు లేవేటి? టెస్టయితే అందులో మీ మావ పడవెందుకుంటాది?

మొదట్రోజే సూసినాను. మద్దినేల గుంట కునుకు తీస్తన్నాది. తెర మీద గడి పక్కన గడి, వల అల్లినట్టు బొమ్మ అల్లుకొస్తన్నాది. మొగ కాడ తెల్లటి నురగ, మీ మావ పడవ. ఒడ్డు మీద ఓ ఆడమనిసి, సంకలో గంప, ఎండకి సెయ్యి అడ్డమెట్టుకుని పడవనే సూస్తన్నాది. ఎవులా అనుకున్నాను. సీర సూస్తే నాది. మీ మావ ఏటకెళ్లిన రోజల్లా నాను అలగే నిలబడతానని నాకే తెలీదురా. గుంటకి తెల్సు. అక్కడే కూకుని సానాసేపు సూసినాను. నా గుండె నీరైపోనాది.

కానీ మాట పలికీసినాను కదా. రేవులో ధర పలికి ఎనక్కి తగ్గితే రేపు నా సేప ఎవుడు కొంతాడు? ఏటి సెయ్యాలా అనుకుంతన్నప్పుడు గుంటే దారి సూపించినాది, నెత్తళ్లు ఆరతాయేమోనని. సరే అని పట్టుకున్నాను. ఆ ఊపిరికి నెత్తళ్లు ఆరతాయేటి? బుద్దెరిగిన కాడ్నించి ఇసకలో సేపలెండబెట్టిందాన్ని, నాకు తెలీదేటి? పచ్చివన్నీ పిల్లులే తినీసినాయి. దాలమ్మ ఇరిసి సూసినవి, నీకంపినవి, ఏసంగి ఎండల్లో ఎండబెట్టి అటక మీద కుండలో దాసిన నెత్తళ్లు. కరెంటు కాలతన్నది బొమ్మలకి కాదు, సేపలకే అని రేవు రేవంతా ఒప్పుకున్నాది. నా మాట నిలబడినాది, గుంట పనీ నడిసినాది.

ఊపిరి ఊపిరి అని నిన్ను సంపుకు తిన్నాను. నాకు నీ అంకెలు తెలీవు. ఎనక సెయ్యెడితే ఏడిగుంటే గుంట పని నడుస్తన్నట్టు, సల్లబడితే ఆగిపోనట్టు. నాకు తెల్సింది అంతే. నీ పెద్ద ఫ్యాను బిగించిన రోజు ఊపిరి సల్లబడిపోతే నా పేణం సల్లబడిపోనాది. అందుకే అలగ తిట్టీసినాను. మనసులో ఎట్టుకోకు.

నాకు తెల్సని గుంటకి మాత్రం సెప్పకు. అమ్మని గెలిసీసినానని ఉషారుగా ఎల్లింది. ఆ ఉషారు అలగే ఉండనీ, కొత్త ఊల్లో పనికొస్తాది.

ఇల్లు సప్పగా ఉన్నాది. పిల్లులు ఇంకా పీట కాడికొచ్చి కూకుంతన్నాయి. నానూ కూకుంతన్నాను.

తవిటమ్మ (వేలిముద్ర)

మరిసిపోనాను. బొమ్మలో ముక్కు నా ముక్కు కాదు, దాని నాన్నమ్మది. ఏదో వంకెట్టి నువ్వే మార్పించు.

తా.క. నాగబాబు గారికి రేఖ నమస్కారాలు. తవిటమ్మ పెద్దమ్మ చెప్పినదంతా రాశాను, మా అత్తగారికి ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పను. ఆవిడ ఇప్పటికీ ఆ తట్ట గురించే అందరికీ చెబుతున్నారు. నేను పెళ్లికి ముందు డిగ్రీ సగంలో ఆపేశాను. మిగతాది ఇంట్లోనే కంప్యూటర్లో చదువుకోవచ్చట. ఇక్కడ మళ్లీ ముసురు పట్టింది, మా ఇంట్లో కూడా నెత్తళ్లు ఆరడం లేదండి. బాగా వేడెక్కే కంప్యూటరు ఒకటుంటే చూడండి.